8 జీబీ పక్కన రెండు 4లు: పాత గేమింగ్ పీసీలో వేరు వేరు ర్యామ్ కలపొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం. ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి మారతహళ్ళిలో ఉంటున్నాను. 2018లో కాలేజీలో ఉండగా కట్టించుకున్న గేమింగ్ పీసీని ఇక్కడికి తెచ్చుకున్నాను. ఐ5-8400 ప్రాసెసర్, బీ360 బోర్డు, నాలుగు ర్యామ్ స్లాట్లు, జీటీఎక్స్ 1060 6 జీబీ కార్డు. ర్యామ్ మాత్రం 8 జీబీ డీడీఆర్4 2666 స్టిక్ ఒక్కటే. మొన్న రూమ్మేట్ రూమ్ ఖాళీ చేసి వైజాగ్ వెళ్ళిపోతూ తన పాత పీసీలోని రెండు 4 జీబీ స్టిక్కులు ఇచ్చాడు. అవి 2400 స్పీడువి, కంపెనీ కూడా వేరే. జత కదా అని ఆ రెండింటినీ ఒకే రంగు స్లాట్లలో పెట్టి, నా 8 జీబీని మిగిలిన మొదటి స్లాట్లో పెట్టాను. 16 జీబీ చూపిస్తోంది, స్పీడు 2400 అంటోంది. గేమ్‌లో ఆగి ఆగి నడవడం తగ్గింది. కానీ అప్పుడప్పుడూ గేమ్ దానంతటదే మూసుకుపోతోంది, ఒకసారి బ్లూ స్క్రీన్ కూడా వచ్చింది. ఎస్పీ రోడ్డులో ఒక షాపతను "రెండు కంపెనీలవి కలిపితే బోర్డు కాలిపోతుంది, కొత్త కిట్ తీసుకోండి" అన్నాడు. ఆఫీసులో ఫ్రెండేమో "ఏమీ కాదు, స్పీడు కాస్త తగ్గుతుందంతే" అంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఆ రెండూ తీసేయాలా?

సమాధానం:

తమ్ముడూ, ఇద్దరి మాటా పూర్తిగా నిజం కాదు. బోర్డు కాలదు. అలాగని ఏమీ కాదనడానికీ లేదు, ఏదో అవుతోందని నీ బ్లూ స్క్రీనే చెబుతోంది. నీ ఉత్తరం చదివితే నాకు రెండు వేరు వేరు సమస్యలు కనిపించాయి. స్టిక్కులు పెట్టిన చోటు సరిగ్గా లేదు, అందువల్ల రావలసిన వేగంలో కొంత రావడం లేదు. రెండోది, మూడింట్లో ఏదో ఒకటి చెడిపోయి ఉండొచ్చు, లేదా స్లాట్లో సరిగ్గా కూర్చోకపోయి ఉండొచ్చు, లేదా మూడూ కలిసి ఆ స్పీడును మోయలేకపోతూ ఉండొచ్చు. మొదటిది పది నిమిషాల పని. రెండోదానికి ఓపిక కావాలి.

వీటన్నిటికంటే ముందు ఒక పని చెయ్యి, అదీ ఈరోజే. ఆ రెండు 4 జీబీ స్టిక్కులు తీసి పక్కన పెట్టు. పాత 8 జీబీతోనే పీసీ ఆన్ చేసి నీ ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, ఆఫీసు ఫైళ్ళు ఏవున్నాయో అన్నీ ఎక్స్‌టర్నల్ డిస్కులోకో, డ్రైవ్‌లోకో కాపీ చేసుకో. గేమ్ క్రాష్ అయితే పోయేది ఒక మ్యాచే. కానీ చెడు ర్యామ్ చేసే అసలు నష్టం కంటికి కనబడదు. నువ్వు ఏ ఫైలు తెరిచినా, కాపీ చేసినా, సేవ్ చేసినా అది ముందు ర్యామ్‌లోకి వచ్చి అక్కడి నుంచే డిస్కులోకి వెళ్తుంది. ర్యామ్‌లో ఒక్క బిట్ తారుమారైనా డిస్కు ఆ తప్పునే నమ్మకంగా రాసేసుకుంటుంది. నాలుగు నెలల తర్వాత ఫోటో తెరిస్తే సగం బూడిదరంగులో ఉంటుంది, జిప్ ఫైలు తెరుచుకోదు, విండోస్ అప్‌డేట్ సగంలో ఆగి మళ్ళీ లేవదు. అప్పటికి కారణం ఇదని ఎవరికీ తట్టదు. అందుకే క్రాషులు మొదలైన రోజు నుంచి ఆ పీసీలో ముఖ్యమైన పని ఏదీ చేయకూడదు. కింద చెప్పే ర్యామ్ పరీక్ష పూర్తయ్యేదాకా ఆగు.

ఇక షాపతను పెట్టిన భయం సంగతి. డీడీఆర్4 స్టిక్ ఏ కంపెనీదైనా, 2133 అయినా 2400 అయినా 2666 అయినా మామూలుగా నడిచేది 1.2 వోల్టులతోనే. నీ మూడు స్టిక్కులకూ కావలసింది అదే, బోర్డు ఇచ్చేదీ అదే. డీడీఆర్3 స్టిక్కు పొరపాటున పెట్టబోయినా కింద గాటు వేరే చోట ఉంటుంది కాబట్టి స్లాట్లోకి దిగదు. కాబట్టి కాలిపోవడానికి దారే లేదు. వోల్టేజి గురించి జాగ్రత్త పడాల్సింది ఒక్క సందర్భంలోనే. గేమింగ్ కోసం అమ్మే 3000, 3200 స్టిక్కులకు ఎక్స్ఎంపీ అనే సెట్టింగు ఉంటుంది, అది ఆన్ చేస్తే చాలావాటికి 1.35 వోల్టులు వెళ్తాయి. బోర్డులో ర్యామ్ స్లాట్లన్నిటికీ కరెంటు ఒకే దారిలో వస్తుంది. ఒకదాని కోసం పెంచితే పక్కనున్న మామూలు స్టిక్కుకీ పెరుగుతుంది. రకరకాలవి కలిపినప్పుడు ఎక్స్ఎంపీ ముట్టుకోవద్దు అనేది అందుకే. నీకు ఆ బెడద ఎలాగూ లేదు. బీ360 బోర్డు 2666 దాటి వెళ్ళదు, నీవి మామూలు స్టిక్కులే.

మీ ఫ్రెండ్ "స్పీడు తగ్గుతుందంతే" అన్నమాట దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు. ప్రతి స్టిక్కు మీదా ఒక చిన్న చిప్పు ఉంటుంది. ఆ స్టిక్కు ఏ స్పీడుకు, ఏ టైమింగ్‌కు, ఏ వోల్టేజికి తయారైందో అందులో రాసి ఉంటుంది. పీసీ ఆన్ కాగానే బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) మూడింటివీ చదివి, ముగ్గురూ ఒప్పుకునే స్పీడు ఎంచుకుంటుంది. నీ దగ్గర అది 2400. అంటే నీ 2666 స్టిక్కు కొంచెం నెమ్మదించింది, నిజమే. కానీ ఇన్నాళ్ళూ అది ఒంటరిగా ఒక్క ఛానెల్‌లోనే పనిచేసింది. ఛానెల్ అంటే ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య డేటా నడిచే దారి, నీ బోర్డులో అలాంటివి రెండు. ఒక ఛానెల్ అంటే 64 బిట్లు, అంటే ఒక్కో విడతకు 8 బైట్లు. 2666ని 8తో గుణిస్తే సెకనుకు దాదాపు 21.3 జీబీ. రెండు ఛానెళ్ళూ నిండితే 2400 స్పీడులో కూడా సెకనుకు 38.4 జీబీ. కాగితం మీద లెక్కే అయినా తేడా ఎంతో చూడు. జోడెద్దుల బండిలో రెండో ఎద్దు కాస్త నిదానమైనదైతే మొదటిదీ దాని నడకే నడవాలి. అయినా ఒంటెద్దు లాగలేని బరువు ఆ జోడు లాగుతుంది.

సీఎల్ నంబర్ చూసి బెంగపడేవాళ్ళ కోసం ఇంకో లెక్క కూడా చెప్తాను. 2666 స్టిక్కుకు సాధారణంగా సీఎల్ 19, 2400 స్టిక్కుకు సీఎల్ 17 ఉంటాయి. సీఎల్ అంటే అడిగిన డేటా బయటికి రావడానికి పట్టే క్లాకుల సంఖ్య. 2666 అని రాసి ఉన్న స్టిక్కు అసలు క్లాకు 1333 మెగాహెర్ట్జ్, 2400ది 1200. ఆ లెక్కన మొదటిదానికి పట్టే సమయం 14.25 నానోసెకన్లు, రెండోదానికి 14.17. అంటే ఎదురుచూపు రెండింటిలోనూ ఒక్కటే. 2400కి దిగడం వల్ల ఆ కోణంలో నువ్వు పోగొట్టుకున్నది ఏమీ లేదు.

అయితే ఆ 38.4 ఇప్పుడు నీకు పూర్తిగా అందడం లేదు. కారణం స్లాట్లు.

జతను ఒకే రంగు స్లాట్లలో పెట్టాలని నువ్వు విన్నది నిజమే, అయితే అది బోర్డులో రెండే స్టిక్కులు ఉన్నప్పటి మాట. నాలుగు స్లాట్ల బోర్డుల్లో మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి ఏ1, ఏ2, బీ1, బీ2 అని వరుస. ఏ అంటే ఒక ఛానెల్, బీ అంటే ఇంకొకటి. ఒకే రంగున్న రెండు స్లాట్లూ ఒకే ఛానెల్‌వి కావు. ఒకటి ‘ఏ’ ఛానెల్‌ది, ఇంకొకటి ‘బీ’ ఛానెల్‌ది. రెండు సమానమైన స్టిక్కులను ఒకే రంగు స్లాట్లలో పెడితే చెరో ఛానెల్‌కూ ఒకటి వెళ్తుంది కాబట్టే అలా పెట్టమంటారు. నువ్వు 4లు రెండింటినీ ఏ2, బీ2లో పెట్టి 8 జీబీని ఏ1లో పెట్టావనుకుందాం. అప్పుడు ‘ఏ’ ఛానెల్‌లో 12 జీబీ, బీలో 4 జీబీ. ఇంటెల్ ప్రాసెసర్లు దీన్నీ నడుపుతాయి. ఫ్లెక్స్ మోడ్ అంటారు. రెండు వైపులా సమానంగా ఉన్నంతవరకు, అంటే 4కు 4 చొప్పున 8 జీబీ వరకు రెండు ఛానెళ్ళ వేగం వస్తుంది. మిగిలిన 8 జీబీ పాత పద్ధతిలో ఒక్క ఛానెల్ మీదే నడుస్తుంది. గేమ్ డేటా ఏ భాగంలో పడుతుందో నీ చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు.

మరి ఏం చేయాలి? రెండు వైపులా బరువు సమానం చేయాలి. 8 జీబీ స్టిక్కును ఏ2లో ఒంటరిగా పెట్టు. 4 జీబీలు రెండింటినీ బీ1, బీ2లో పక్కపక్కనే పెట్టు. చూడ్డానికి రంగులు కలవవు, తప్పుగా పెట్టినట్టే ఉంటుంది. కానీ ఏలో 8, బీలో 8 అయ్యాయి. ఇంటెల్ లెక్కలో రెండు ఛానెళ్ళ మొత్తం సమానమైతే చాలు, స్టిక్కుల సంఖ్య సమానం కానక్కర్లేదు. మొత్తం 16 జీబీ రెండు ఛానెళ్ళ వేగంతో నడుస్తుంది. ఉచితంగా వచ్చిన రెండు చిన్న స్టిక్కులతో ఇంత దొరుకుతుంటే వాటిని తీసి పారేయమని నేను చెప్పను. ఒక్క జాగ్రత్త, స్లాట్లకు పేర్లు పెట్టడంలో కంపెనీకో పద్ధతి ఉంది. కొన్ని బోర్డుల మీద ఏ, బీ అని ఉండకుండా వట్టి నంబర్లే ఉంటాయి, అవీ వరుసలో ఉండవు. బోర్డు మోడల్ పేరుతో వెతికితే మాన్యువల్ పీడీఎఫ్ దొరుకుతుంది. అందులో ఏ స్లాట్ ఏ ఛానెల్‌దో బొమ్మ ఉంటుంది. అది చూశాకే చెయ్యి పెట్టు.

ఇప్పుడు క్రాషుల సంగతి. ఇది సర్దుకోకపోతే పైన చెప్పిన వేగమంతా దండగే.

షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టు, విండోస్ పూర్తిగా ఆగుతుంది. ప్లగ్ తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి లోపల మిగిలిన కరెంటు పోనివ్వు. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుని తర్వాత స్టిక్కులు తియ్యి. బెంగళూరులో ఫిబ్రవరి, మార్చిల్లో గాలి పొడిగా ఉంటుంది, చేతిలోని స్టాటిక్ చిప్పులకు మంచిది కాదు. స్టిక్కు కింద బంగారు రంగు పళ్ళు చూడు. ఏళ్ళ తరబడి డబ్బాలో పడి ఉన్న స్టిక్కులకు అక్కడ మసక పేరుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. మన దగ్గర రిపేరు షాపుల్లో పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. చేత్తో బలంగా కాకుండా మెల్లగా రుద్ది, ఆ పొట్టు మొత్తం దులిపేస్తే అదీ పనిచేస్తుంది. స్లాట్లోకి దించేటప్పుడు రెండు చివర్లా సమానంగా నొక్కు, క్లిప్పు టక్కున పడాలి. అనంతపురం నుంచి అంత దూరం ప్రయాణం చేసిన పీసీ కాబట్టి, నీ పాత 8 జీబీ కూడా వదులైందేమో ఒకసారి తీసి మళ్ళీ పెట్టు. ఇలాంటి బ్లూ స్క్రీన్లలో చాలావాటికి కారణం ఇంత చిన్నదే ఉంటుంది.

తర్వాత పరీక్ష. మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, విండోస్‌లోకి వెళ్ళకుండా నేరుగా దాన్నుంచే పీసీ ఆన్ చేయాలి. విండోస్‌లోనే ఉండే మెమరీ డయాగ్నొస్టిక్ కూడా పనికొస్తుంది గానీ అది పట్టుకోలేని తప్పులు మెమ్‌టెస్ట్ పట్టుకుంటుంది. కొన్ని బోర్డుల్లో దీనికోసం బయోస్‌లో సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని ప్రోగ్రాములతో పీసీ ఆన్ కానివ్వని రక్షణ) ఆపాల్సి వస్తుంది. నీ విండోస్‌లో బిట్‌లాకర్ గానీ, డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉంటే, ఆ మార్పు చేశాక విండోస్ రికవరీ కీ (తాళం వేసిన డిస్కును తెరిచే పొడవాటి నంబరు) అడగొచ్చు. నీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఆ కీ ఉందో లేదో ముందే చూసి రాసిపెట్టుకో. ఈ ఒక్క విషయం మర్చిపోయి మొత్తం డేటా పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

మొదట ఒక్కో స్టిక్కునే ఏ2లో పెట్టి పరీక్షించు. నీ 8 జీబీని కూడా వదలొద్దు. కొత్తగా వచ్చినవే దొంగలని ముందే అనుకోకూడదు, 2018 నుంచి పనిచేస్తున్నది కూడా అలసిపోయి ఉండొచ్చు. ఏ స్టిక్కుకైనా ఎర్ర గీతలో ఒక్క తప్పు చూపించినా అది పనికిరాదు. "ఒక్కటే కదా" అని సర్దుకుపోవద్దు, ఆరోగ్యంగా ఉన్న ర్యామ్‌లో తప్పుల సంఖ్య సున్నా. తప్పు కనబడితే అదే స్టిక్కును ఇంకో స్లాట్లో కూడా పెట్టి చూడు. అక్కడ కూడా వస్తే తప్పు స్టిక్కుది. రెండో స్లాట్లో బాగుండి, మిగతా స్టిక్కులకూ మొదటి స్లాట్లోనే తప్పులు వస్తుంటే అనుమానం స్లాటు మీదికి వెళ్తుంది.

విడివిడిగా మూడూ బాగుంటే, పైన చెప్పిన వరుసలో మూడూ పెట్టి రాత్రంతా నడవనివ్వు. కనీసం నాలుగు రౌండ్లు పూర్తి కావాలి. ఒంటరిగా బాగున్న స్టిక్కులు కలిసినప్పుడు తడబడటం మామూలే. ర్యామ్‌ను నడిపించే కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది. ఒక ఛానెల్ మీద రెండు స్టిక్కులు ఉంటే దానికి పని పెరుగుతుంది, సిగ్నల్ బలహీనపడుతుంది. అలా మూడూ కలిసినప్పుడే తప్పులు వస్తే వెంటనే ఆశ వదులుకోనక్కర్లేదు. బయోస్‌లో మెమరీ స్పీడు 2133కి దించి మళ్ళీ పరీక్షించు. 2133లో కూడా రెండు ఛానెళ్ళు కలిస్తే సెకనుకు 34.1 జీబీ. ఇన్నాళ్ళూ ఒంటరి 2666తో నీకు దొరికిన 21.3 కంటే అది చాలా ఎక్కువే. వోల్టేజి పెంచమని ఎవరైనా సలహా ఇస్తే వినకు. ఎనిమిదేళ్ళ బోర్డు మీద, ఎవరి దగ్గరో వాడేసిన స్టిక్కుల మీద ఆ ప్రయోగం అవసరం లేదు.

స్టిక్కులు మార్చాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నల్లగానే ఉండి, పీసీ ఒకటి రెండు సార్లు తనంతట తానే ఆగి మొదలు కావచ్చు. బోర్డు కొత్త ర్యామ్‌ను అలవాటు చేసుకుంటోందని అర్థం. కంగారుపడి ప్లగ్ లాగొద్దు. రెండు మూడు నిమిషాలైనా ఏమీ రాకపోతే అప్పుడు ఆపి, 8 జీబీ ఒక్కటే ఉంచి, మాన్యువల్‌లో చెప్పినట్టు సీమాస్ క్లియర్ చేసి (అంటే బయోస్ సెట్టింగులను మొదటి స్థితికి తెచ్చి) మళ్ళీ ప్రయత్నించు.

బయోస్ అప్‌డేట్ చేస్తే బాగుపడుతుందని కూడా నీకు ఎవరో ఒకరు చెబుతారు. 2018 నాటి బోర్డులకు తర్వాత వచ్చిన బయోస్‌లలో ర్యామ్ విషయంలో మెరుగులు ఉండటం నిజమే. కానీ అనుమానం ఉన్న ర్యామ్‌తో బయోస్ ఎక్కించడం చాలా ప్రమాదం. ఆ ఫైలు కూడా ర్యామ్ గుండానే వెళ్తుంది, మధ్యలో తేడా వస్తే బోర్డే లేవదు. పరీక్షలో నెగ్గిన ఒక్క స్టిక్కు మాత్రమే పెట్టి, యూపీఎస్ మీదో, మీ బిల్డింగ్‌లో పవర్ బ్యాకప్ ఉంటే దాని మీదో మాత్రమే చెయ్యి.

ఇదంతా చేశాక 4 జీబీల్లో ఒకటి పోయిందని తేలిందనుకో. అప్పుడు 8ని ఏ2లో, మిగిలిన 4ని బీ2లో పెట్టు, 12 జీబీ అవుతుంది. మొదటి 8 జీబీకి రెండు ఛానెళ్ళ వేగం, పైన 4 జీబీకి ఒక ఛానెల్ వేగం. నీ కార్డుకు, నీ ప్రాసెసర్‌కు అది చెడ్డ ఏర్పాటేమీ కాదు. అనుమానంతో నడిచే 16 కంటే నమ్మకంగా నడిచే 12 నాకు ఎక్కువ ఇష్టం. రెండూ పోతే మాత్రం ఇంకో 8 జీబీ కొనుక్కోవడమే.

కొనాల్సి వస్తే కొత్త కిట్ కోసం పరుగెత్తకు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్ల కోసం చిప్పుల తయారీ అటు మళ్ళింది. మైక్రాన్ కంపెనీ అయితే 2025 డిసెంబరులో తన క్రూషియల్ బ్రాండు ర్యామ్‌ను మామూలు కొనుగోలుదారులకు అమ్మడమే మానేస్తున్నట్టు ప్రకటించింది. డీడీఆర్4 తయారీని కంపెనీలు తగ్గించుకుంటూ వస్తున్నాయి కూడా. ఇలాంటప్పుడు బాగున్న 8 జీబీ స్టిక్కును పక్కన పడేసి 16 జీబీ కిట్ కొనమనడం నీ డబ్బుకు న్యాయం కాదు. ఆ షాపతను చెడ్డవాడని నేననను. కలిపి ఇచ్చిన ర్యామ్ రేపు తేడా చేస్తే నువ్వు ఆయన దగ్గరికే వెళ్తావు, కొత్త కిట్ అయితే ఆ గొడవ ఉండదు. ఆయన లెక్క ఆయనది.

ఎస్పీ రోడ్డుకు వెళ్ళు, మెట్రోలో చిక్‌పేట దగ్గర దిగితే నడిచి వెళ్ళొచ్చు. ఆదివారం మాత్రం వెళ్ళొద్దు, చాలా షాపులు మూసి ఉంటాయి. నీ 8 జీబీ స్టిక్కు లేబుల్‌ను దగ్గరగా ఫోటో తీసి పెట్టుకో. సెకండ్‌హ్యాండ్ స్టిక్కు చేతికి ఇచ్చినప్పుడు ధర అడిగేముందు లేబుల్ చదువు. అందులో పీసీ4-2400టీ, పీసీ4-2666వీ లాంటి నంబరు తర్వాత ఒక గీత, దాని తర్వాత ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. అది యూ అయితే డెస్క్‌టాప్‌ది, నీకు కావలసింది అదే. ఆర్ అని ఉంటే సర్వర్లలోంచి పీకి తెచ్చిన రిజిస్టర్డ్ ర్యామ్. ఆకారం ఒకటే, స్లాట్లోకి చక్కగా దిగుతుంది, కానీ నీ బోర్డు మాత్రం లేవదు. పెద్ద పెద్ద ఆఫీసులు సర్వర్లు మార్చే ఊరు కాబట్టి బెంగళూరు బజార్లో అలాంటివి చవగ్గా కనబడతాయి. చవక చూసి మోసపోకు. ఎస్ అని ఉండి పొట్టిగా ఉంటే అది ల్యాప్‌టాప్‌ది, స్లాట్లో పట్టదు.

లేబుల్ మీదే 1ఆర్ఎక్స్8, 2ఆర్ఎక్స్8, 1ఆర్ఎక్స్16 అని ఒక చిన్న రాత ఉంటుంది. 8 జీబీ స్టిక్కు మీద నల్ల చిప్పులు ఎనిమిది ఉంటే అది సాధారణంగా 1ఆర్ఎక్స్8, నాలుగే ఉంటే 1ఆర్ఎక్స్16. రెండూ పనిచేస్తాయి. అయితే ఆ నాలుగు చిప్పులదానిలో డేటాను విభజించుకునే బ్యాంక్ గ్రూపులు సగమే ఉంటాయి కాబట్టి గేముల్లో కొంచెం వెనకబడుతుంది. రెండూ ఒకే ధరకు దొరుకుతుంటే ఎనిమిది చిప్పులదే అడుగు. స్పీడు 2666 అయితే మంచిది, 3200 ఇచ్చినా తీసుకోవచ్చు, నీ బోర్డులో అది 2666కే దిగి నడుస్తుంది. కంపెనీ పేరు కలవాలన్న పట్టింపు పెట్టుకోకు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ నంబరుతో అమ్మే స్టిక్కుల లోపల కూడా ఏడాదికొకరకం చిప్పులు ఉంటాయి. కొన్న ర్యామ్‌ను మెమ్‌టెస్ట్‌లో తప్పులు వస్తే వారంలోపు వెనక్కి తీసుకుంటానని షాపతను బిల్లు మీద రాసి ఇస్తే అక్కడే కొను. రాయనంటే ఇంకో షాపు చూడు, ఆ వీధిలో షాపులకు కొదవ లేదు.

ఇక 16 జీబీ వచ్చాక నీ పీసీ ఎంత మారుతుందో కూడా ఉన్నదున్నట్టు చెప్తాను, లేకపోతే తర్వాత నిరాశపడతావు. నువ్వు ఇప్పటికే గమనించిన ఆ కుదుపులు పోవడమే పెద్ద లాభం. 8 జీబీతో ఉన్నప్పుడు గేమూ, వెనకాల క్రోమ్, డిస్కార్డ్ కలిసి ర్యామ్ నింపేస్తే విండోస్ కొంత డేటాను డిస్కు మీదికి తోసేస్తుంది. మళ్ళీ కావలసినప్పుడు అక్కడి నుంచి తెచ్చుకునే ఆ క్షణమే నీకు కుదుపుగా తెలిసేది. పీసీలో ఎస్ఎస్‌డీ లేకుండా పాత హార్డ్ డిస్కు మీదే గేములు ఉంటే అది మరీ ఘోరం. అలా ఉంటే చెప్పు, ఆ ఖర్చు ర్యామ్ కంటే ముందు పెట్టమంటాను. రెండు ఛానెళ్ళ వల్ల, ప్రాసెసర్ మీద భారం ఎక్కువగా పడే గేముల్లో అట్టడుగు ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద గీసే బొమ్మల సంఖ్య) కాస్త పైకి వస్తుంది. కానీ జీటీఎక్స్ 1060 తన శక్తి మేరకు గీస్తున్న చోట 32 జీబీ పెట్టినా బొమ్మ వేగం పెరగదు. నీకు నిజంగా ఎంత ర్యామ్ కావాలో తెలుసుకోవాలంటే, ఎక్కువగా ఆడే గేమ్ ఓ అరగంట ఆడి, దాన్ని మూయకుండానే టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ పేజీ చూడు. అక్కడ కమిటెడ్ అని రెండు అంకెలు ఉంటాయి. మొదటి అంకె 12 దాటకపోతే నీకు 12 జీబీ కూడా సరిపోతుందని అర్థం, అప్పుడు ఎస్పీ రోడ్డు ప్రయాణమే అక్కర్లేదు.

ఇంకొక్క మాట. మూడు స్టిక్కులూ రాత్రంతా పరీక్షలో నెగ్గి, కొత్త వరుసలో పెట్టాక కూడా గేమ్ మూసుకుపోతుంటే ఇక ర్యామ్‌ను వదిలేయ్. గ్రాఫిక్స్ డ్రైవర్ పూర్తిగా తీసి మళ్ళీ ఎక్కించు, కార్డు వేడి ఎంతకు చేరుతోందో చూడు, 2018 నాటి పవర్ సప్లై ఎన్ని వాట్లదో, ఏ మోడలో రాసి పంపు. బ్లూ స్క్రీన్ మళ్ళీ వస్తే దాని కింద రాసి ఉండే స్టాప్ కోడ్ ఫోటో తీసి జత చెయ్యి. దాన్నిబట్టి తర్వాత ఎక్కడ వెతకాలో చెప్తాను.